నడిగడ్డ చుట్టును నడచిన రాజనీతి

కృష్ణా తుంగభద్రల నడుమ, ఆ రెండు నదులును కలియు దిక్కునకు మొనదేలిన భూమిని అచటివారు నడిగడ్డ యందురు. గద్వాల, అలంపురములు అందులోనివి. కృష్ణకు ఉత్తరపుటొడ్డున వనపర్తి యున్నది. దానికి తూర్పుగా నాగరుకర్నూలు, కొల్లాపురములు. ఆవల నల్లమల అడవి. చూచుటకు నిదానమైన సీమ. కాని ఈ సీమనుగూర్చి వ్రాయబడినన్ని సంధిపత్రములు తెలుగునేలలో మరి యే మూలను గూర్చియు వ్రాయబడలేదేమో యనిపించును. ఆ పత్రములను వ్రాసినవారిలో పలువురు కలకత్తాలోను, లండనులోను, హైదరాబాదులోను కూర్చుండి, పటముమీద గీతలను చూచి వ్రాసినవారే.

విజయనగర బహమనీ ప్రభువులు ఈ అంతర్వేదికై రెండు శతాబ్దులు పోరాడిరి. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరును గెలిచెను. 1565 తరువాత అది మరల చేతులు మారెను. ఆ కథ శ్రోతలకు తెలిసినదే. నేడు నేను చెప్పదలచినది తరువాతి కథ, అనగా కత్తులకు బదులు దస్తావేజులతో ఇదే భూమిపై నడచిన పోరాటము. ఆ పోరాటము 1800లో మొదలై 1948లో మరల కత్తులతోనే ముగిసినది.

1799లో శ్రీరంగపట్టణము పడిపోగా టిప్పూ సుల్తాను రాజ్యములో కొంతభాగము నైజామునకు వచ్చెను. మరుసటి సంవత్సరము అక్టోబరులో, తనను కాపాడుటకు ఉంచిన ఇంగ్లీషు సైన్యపు ఖర్చుక్రింద, ఆయన ఆ భూములనే కుంఫిణీకి వదలుకొనెను. బళ్లారి, కడప మొదలైన దత్తమండలములు అవియే. నాటినుండి తుంగభద్ర ఒక నది మాత్రమే కాక సరిహద్దు కూడ అయినది. ఉత్తరపుటొడ్డున నైజాము, ఆయనకు పేష్కషు చెల్లించు గద్వాల రాజులు. దక్షిణపుటొడ్డున కుంఫిణీ, దానికి కప్పముగట్టు కర్నూలు నవాబు. 1839లో ఆ నవాబును తొలగించి కర్నూలును కూడ కుంఫిణీ స్వయముగా పాలింపసాగెను. ఒకే యేట నీరు తెచ్చుకొను రెండూళ్లు రెండు ప్రభుత్వముల క్రిందికి వెళ్లినవి.

1802లో మరియొక ఒప్పందము జరిగినది. ఇది వర్తకమునకు సంబంధించినది. మచిలీపట్టణపు రేవును నైజాము స్వేచ్ఛగా వాడుకొనవచ్చునని అందు వ్రాసిరి. సముద్రము లేని రాజ్యమునకు కాగితముమీద ఒక రేవు దొరకినది. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. నూటనలుబదియైదేండ్ల తరువాత అది మరల తలయెత్తును.

ఇక 1853. హైదరాబాదు కంటింజెంటు అను పేర ఒక సైన్యముండెను. జీతములిచ్చునది నైజాము, నడపునది ఇంగ్లీషు అధికారులు. జీతములు బకాయిపడెను, కుంఫిణీ అప్పు పెట్టెను, అప్పునకు వడ్డీ పెరిగెను. గవర్నరు జనరలు డల్‌హౌసీ అప్పు తీర్చుటకు భూమి నిమ్మని పట్టుపట్టెను. అప్పటి నైజాము నాసిరుద్దౌలా రెసిడెంటు కర్నల్ లో దొరతో వాదించిన తీరు రికార్డులకెక్కినది. రాజైనవానికి రెండు పనులు అపకీర్తికరములని ఆయన అనెను: అవసరము లేకయే పిత్రార్జితమైన భూమిని వదలుకొనుట ఒకటి, నమ్మకముగ కొలిచిన సిపాయిలను తీసివేయుట రెండవది. మాట గంభీరమైనదే. కాని బొక్కసము ఖాళీగా నుండెను. మే 21వ తేదీన సంధి కుదిరి బేరారు, ధారాశివము, రాయచూరు అంతర్వేది కుంఫిణీ చేతిలోనికి వెళ్లినవి. దివాను సిరాజుల్ముల్కు కొలది దినములకే మరణించెను. ఆ స్థానమునకు వచ్చినవాడు ఇరువది నాలుగేండ్ల యువకుడు, సాలార్ జంగు.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. గద్వాల సామాన్యమైన జమీందారీ కాదు. అందు రెండువందలకు పైగా గ్రామములుండెను, ఆ సంస్థానమునకు సొంత నాణెముండెను, పండితులను పోషించి విద్వద్గద్వాల యని పేరు గడించిన సభ యుండెను. అయినను 1853 సంధి బేరములో నడిగడ్డవారి మాట ఎక్కడను వినబడదు. అంతర్వేది అప్పుపద్దులో ఒక వరుస, అంతే.

ఏడేండ్లకు ఆ వరుసను కొట్టివేసిరి. 1857 తిరుగుబాటులో సాలార్ జంగు హైదరాబాదును ఇంగ్లీషువారి పక్షమున నిలిపెను. దానికి ప్రతిఫలముగా 1860 డిసెంబరు సంధిలో రాయచూరు అంతర్వేది, ధారాశివము తిరిగి వచ్చినవి. సురపురము అదనముగ చేరినది. 50 లక్షల అప్పు రద్దయినది. బేరారు మాత్రము రాలేదు. పుచ్చుకొన్నది మరియొకటి యున్నది. గోదావరి ఎడమగట్టున భద్రాచలము, చెర్ల, సిరోంచ మొదలైన తాలూకాలను ఇంగ్లీషువారు తీసికొనిరి; గోదావరిపై పోవు సరుకులకు నైజాము సుంకము వసూలు చేయరాదని వ్రాయించుకొనిరి. ఆ కాలమున ఆర్థరు కాటను దొరకు గోదావరిని మధ్యపరగణాల ప్రత్తికి రాజమార్గము చేయవలెనను సంకల్పము గట్టిగా నుండెను. నదియే రైలు అని ఆయన వాదము. కొలది సంవత్సరములకే ఆ యత్నమును విడనాడిరి. నిజమైన రైలు ముందుకు వచ్చినది. నౌకామార్గము నిలువలేదు కాని, దానికొరకని తీసికొన్న భూములు నైజామునకు తిరిగి రాలేదు.

రైలు కథయు ఇట్టిదే, కాని చిక్కులు ఎక్కువ. 1871లో బొంబాయి దిక్కునుండి వచ్చిన పట్టాలును, మదరాసు దిక్కునుండి వచ్చిన పట్టాలును రాయచూరులో కలిసినవి. అనగా దక్షిణాపథమున రెండు సముద్రములను కలిపిన రైలుమార్గపు ముడి నైజాము నేలపై, అంతర్వేదిలోనే పడినది. ఆ పట్టాల వెంబడి పోలీసు, న్యాయాధికారములు మాత్రము నైజామువి కావు. రైలు భూములపై అధికారమును ఇంగ్లీషు ప్రభుత్వము తన వశము చేసికొనెను. రాజ్యము మధ్యగా సన్నని పరాయి రాజ్యమొకటి ఇనుపగీతవలె సాగిపోయెను.

హైదరాబాదు నగరమును ఆ గీతకు కలుపుమని ఇంగ్లీషువారు ఒత్తిడి చేసిరి. సికింద్రాబాదు, తిరుమలగిరి దండులకు సిపాయిలను, మందుగుండును త్వరగా చేరవేయుట వారి అవసరము. సాలార్ జంగు మొదట వెనుకాడెను. రైలు వచ్చినచోటికి దాని యజమాని కూడ వచ్చునని ఆయన యెరుగును. తుదకు 1870లో ఒప్పుకొనెను. 1874లో వాడినుండి సికింద్రాబాదు వరకు రైలు నడచెను. ఖర్చు నైజాముది, నడుపుట ఇంగ్లీషువారిది. ఇంతటితో సాలార్ జంగు లొంగిపోయెనని అనుకొనరాదు. ఆయన లెక్క వేరు. విధేయతను ఒక్కొక్క మెట్టుగా చూపి, బేరారును ఒక్కసారిగా అడుగవలెనని ఆయన ఆలోచన. కంటింజెంటు ఖర్చులకు భూమికి బదులు పెద్ద మొత్తమును ధరావతుగా నుంచెదనని వ్రాసెను. 1876లో స్వయముగా ఇంగ్లండు వెళ్లెను. దారిలో పారిసు నగరమున మెట్లమీద జారిపడి కాలు విరుగగా, కుంటుచునే లండను చేరెను. ఆక్స్‌ఫర్డులో బిరుదమిచ్చిరి, నగరములో సన్మానించిరి. బేరారు నీయలేదు.

1883 ఫిబ్రవరిలో సాలార్ జంగు కలరాతో మరణించెను. ఆ వెంటనే రైలును లండనులోని కంపెనీకి అప్పగించి, బెజవాడ వైపునకును చాందా వైపునకును పొడిగించు పథకము బయటపడినది. కంపెనీ మూలధనముపై ఇరువదియేండ్లు నూటికి ఐదు వంతున వడ్డీకి నైజాము ఖజానా హామీ! లాభమైన కంపెనీది, నష్టమైన రైతుది. హైదరాబాదులో చదువుకొన్నవారు కొందరు దీని నెదిరించి, లెక్కలు బయటపెట్టుమని అడిగిరి. వారిలో ముఖ్యులు అఘోరనాథ చట్టోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూము. ప్రభుత్వము అఘోరనాథుని నగరమునుండి వెడలగొట్టెను. ఆయన కుమార్తెయే సరోజినీదేవి; అప్పటికి నాలుగేండ్ల పసిపాప. తెలంగాణములో ప్రభుత్వపు పద్దును నలుగురి యెదుట ప్రశ్నించిన తొలి ఆందోళనలలో ఇది యొకటి యని నా అభిప్రాయము. అది ఒక రైలు విషయమున పుట్టుట కాకతాళీయము కాదు. రైలులో మాత్రమే రాజుసొమ్ము, పరదేశి లాభము ఒకే పెట్టెలో ప్రయాణము చేసినవి.

రైలు 1889 నాటికి బెజవాడకు చేరెను. తరువాత ఉత్తరమున మన్మాడునకు పోయెను. బొగ్గు, ప్రత్తి, దండు ఉన్న దిక్కులకు అది ముందుగా పోయినది. దక్షిణమునకు ఆలస్యముగ, ఇరువదవ శతాబ్దిలో మాత్రమే, మహబూబునగరు మీదుగా మీటరుగేజి పట్టాలు దిగివచ్చి కృష్ణను దాటి గద్వాలను తాకి, తుంగభద్రను దాటి కర్నూలును కలిసినవి. వనపర్తికి దొరకినది వనపర్తిరోడ్డు అను స్టేషను పేరు మాత్రమే. ఊరు దానికి దూరముగనే నిలిచినది. నాగరుకర్నూలునకు అదియు లేదు. గద్వాలనుండి రాయచూరు నలుబది మైళ్లకు మించదు. 1871లో రాయచూరున కూసిన రైలు నేరుగా గద్వాలకు వచ్చుటకు 2013 వరకు పట్టినది.

ఒక్క నిముషము మన నేలను విడిచి చూతము. ఈ కాలముననే జర్మనీ దేశము తురుష్క సామ్రాజ్యములో బాగ్దాదు వరకు రైలు వేయుటకు పూనుకొనగా, ఇంగ్లండు గుండె జల్లుమనెను. పారశీకపు అఖాతము, దానినుండి హిందూదేశపు దారి ప్రమాదములో పడునని వారి భయము. పదేండ్లకు పైగా బేరములు సాగెను. మొదటి ప్రపంచ యుద్ధమునకు ఈ రైలే కారణమని పలువురు వ్రాసిరి. కాని 1914 జూన్ 15వ తేదీన ఇంగ్లండు జర్మనీలు ఒక ఒప్పందపు చిత్తుపై పొడిసంతకములు చేసినవి. రైలు బస్రా వరకే పోవలెననియు, టైగ్రిసు యూఫ్రటీసు నదులపై నౌకల హక్కులు ఇట్టివనియు తేల్చుకొనిరి. రెండు నెలలైన గడువకముందే ఆ రెండు దేశములును యుద్ధములో దిగినవి. రైళ్లను, నదులను పంచుకొనవచ్చును. ఎవరు పెద్ద యను ప్రశ్నను పంచుకొనుట కష్టము. మన హైదరాబాదు కథలోను ఇదియే జరిగినది.

నదుల సంగతి చూడుడు. కర్నూలునకు ఎగువన సుంకేశులవద్ద 1860 దశాబ్దిలో మదరాసు ఇరిగేషను కంపెనీ తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు కడప కాలువను త్రవ్వించెను. ఆ ఆనకట్టకు ఉత్తరపుకొన నైజాము సీమలోని రాజోలి దిక్కున ఆనుకొని యుండెను. నీరు మాత్రము దక్షిణపుటొడ్డు కాలువలోనికే పోయెను. ఆనకట్ట నానుకొనియు నీరు చూడని పొలములు రాజోలి రైతులవి. తుంగభద్రపై ఇంకను ఎగువన పెద్ద జలాశయము కట్టవలెనను ఊహ కూడ ఆనాటిదే. కాని నది మైసూరులో పుట్టి, మదరాసు నైజాము రాజ్యముల నడుమ పారును. ఒకరు కట్టిన రెండవవారి కేమగునను భయముతో ఉత్తరప్రత్యుత్తరములు దశాబ్దులపాటు నడచినవి. 1892లో మైసూరు మదరాసులకు ఒక ఒప్పందము, 1933లో మరియొకటి. హైదరాబాదు పక్షమున ఈ వాదములలో ఆరితేరిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. మంత్రులు బిరుదములకై వ్రాసికొనుచుండగా ఈయన ఘనపుటడుగులకై వ్రాసెను. వారి వ్రాతలకంటె ఈయన వ్రాతలే ఎక్కువకాలము నిలిచినవి.

ఆ కాలపు బిరుదముల బేరమును చూచిన ఈ మాట కఠినము కాదని తెలియును. 1902లో కర్జను బేరారును సంవత్సరమునకు 25 లక్షల రూపాయలకు శాశ్వతపు కౌలుగా వ్రాయించుకొనెను. నైజాము ఉస్మాన్ అలీఖాను దానిని తిరిగి అడుగగా, 1926 మార్చిలో వైస్రాయి రీడింగు, సార్వభౌమాధికారము ముందు ఏ సంస్థానాధీశుడును సమానుడుగా వాదింపజాలడని ఖండితముగ జవాబిచ్చెను. 1936లో ఒక ఉపశాంతి దొరకినది: నైజామునకు హైదరాబాదు బేరారుల ప్రభువను పేరు, ఆయన జ్యేష్ఠపుత్రునకు బేరారు యువరాజను బిరుదము. పాలన మాత్రము ఎప్పటివలెనే నాగపూరునుండి సాగెను.

తుంగభద్ర విషయమున 1944 జూనులో మదరాసు హైదరాబాదులు నిజముగనే ఏకీభవించినవి. చెరియొక 65 శతకోటి ఘనపుటడుగుల నీరు. ఒకే ఆనకట్ట, ఎడమసగము హైదరాబాదు, కుడిసగము మదరాసు కట్టవలెను. 1945 ఫిబ్రవరి 28న ఎడమగట్టున బేరారు యువరాజు, కుడిగట్టున మదరాసు గవర్నరు ఆర్థరు హోపు శంకుస్థాపనలు చేసిరి. బేరారు లేని బేరారు యువరాజు చేసిన ఆ పని ఆయన బిరుదముకంటె చాల గట్టిది.

మూడేండ్లు తిరుగకముందే ఇంగ్లీషువారు మూట కట్టిరి. సంస్థానములు రక్షణ, విదేశవ్యవహారములు, రాకపోకల సౌకర్యములు అను మూడు విషయములను భారతదేశమునకు అప్పగించి చేరవలెనని ఢిల్లీ కోరెను. మూడవ విషయములో రైలు ఉన్నదని గమనింపవలెను. 1947 ఆగస్టులో నైజాము జవాబు చమత్కారమైనది. రైళ్లను అఖిలభారత పద్ధతిలో నడపుదును, కొంత సైన్యము నిత్తును, విదేశనీతిలో కలిసి నడతును; కాని చేరను, సంధి చేసికొందును. మరియు భారతదేశము పాకిస్తానుతో పోరాడిన తటస్థుడనుగా నుందును! విషయములన్నియు ఒప్పుకొని విశేషణమును నిరాకరించుటయే ఇది. ఆయన న్యాయవాది సర్ వాల్టర్ మాంక్టను ప్రజ్ఞావంతుడు. ఆయన ఎన్ని చిత్తులు వ్రాసినను అడ్డుపడునది ఆ ఒక్క మాటయే.

బేరారు మరల అడుగబడినది. 1802 నాటి మచిలీపట్టణపు రేవు మరల వెలికివచ్చినది. మరియొక ప్రక్క గోవా రేవుకై పోర్చుగీసువారితో మంతనములు నడచినవి. రేవు దొరకినను అచటికి పోవు పట్టాలు పరుల నేలపైననే కదా! వాడి, బెజవాడ, మన్మాడు, కర్నూలు: సాలార్ జంగు నాటినుండి రాజ్యప్రతిష్ఠకై వేయించిన ప్రతి మార్గమును సరిహద్దు దాటి భారతదేశములోనే తేలును. 1930లో నైజాము ప్రభుత్వము కంపెనీనుండి రైలును కొనుక్కొని గర్వపడెను. ఆ రైలు 1948లో గొంతువలె చిక్కెను. అంతవరకు పట్టాలపై వచ్చిన సరుకులు తగ్గిపోగా, సిడ్నీ కాటను అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి రాత్రివేళల ఆయుధములను దింపసాగెను. గోదావరిపై ఓడలు నడపుటకు కలలుగన్న ఆర్థరు కాటనునకును ఈ కాటనునకును సంబంధము లేదు. పేరు మాత్రము విచిత్రముగ కలిసినది.

1947 అక్టోబరు చివర, ఒక యథాతథపు టొప్పందముపై సంతకమునకు ఢిల్లీకి బయలుదేరవలసిన ప్రతినిధుల ఇండ్లను ఇత్తెహాదు గుంపు తెల్లవారుజామున చుట్టుముట్టెను. ప్రధాని ఛత్తారీ నవాబు తప్పుకొనెను. ఒక నెల తరువాత, నవంబరు 29న, దాదాపు ఆ పత్రముపైననే సంతకము పడినది. ఆ నెలలో పోయినది కాలము కాదు, నమ్మకము. ఆ శరత్కాలముననే వనపర్తి సీమకు పడమట ఆత్మకూరు దాపున అప్పంపల్లిలో పోలీసుల తుపాకులకు పలువురు గ్రామీణులు నేలకూలిరి. రాజధానిలో తటస్థత అను పదమునకు అర్థము వెదకుచుండగా పల్లెలలో రజాకారు పేరు వినిన తలుపులు మూసికొనుచుండిరి. సంస్థానపు రాజకుటుంబములు నైజామునకును ప్రజలకును నడుమ నలిగినవి. వనపర్తికి చెందిన యువకుడైన రాజా రామేశ్వరరావు తరువాత స్వతంత్ర భారతదేశపు ప్రతినిధిగా ఆఫ్రికాలో పనిచేసెను. ఆ పేరే గల ఆయన పూర్వికుడు పందొమ్మిదవ శతాబ్దిలో ఆఫ్రికా అశ్వికదళమును కూర్చినవాడు.

1948 జూనులో తుది చిత్తును నైజాము త్రోసివేసెను, మౌంటుబాటను వెళ్లిపోయెను. ఆగస్టు 21న హైదరాబాదు ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసెను. అది భద్రతామండలిలో చర్చకు వచ్చిన సెప్టెంబరు 16 నాటికి భారతసేన సరిహద్దు దాటి నాలుగు దినములైనది. తొలినాడే తుంగభద్ర వద్ద గూర్ఖాదళము ఒక ముఖ్యమైన వంతెనను పట్టుకొనెను. హోస్పేటవద్ద మైసూరు పదాతులు చక్కెర కర్మాగారమును కాపాడిరి. రెండు ప్రభుత్వములును చెరిసగము కట్టుచున్న ఆనకట్ట ఆ సమీపముననే సగము లేచి యుండెను! సెప్టెంబరు 18న హైదరాబాదు సైన్యాధిపతి ఎల్ ఎద్రూసు లొంగిపోయెను.

ఆనకట్ట 1953లో పూర్తియైనది. అప్పటికి మదరాసు రాష్ట్రము చీలుచుండెను. 1956లో హైదరాబాదు రాజ్యమును లేకపోయెను. 1949లో జాగీర్ల రద్దుతో గద్వాల వనపర్తి కొల్లాపురపు గద్దెలు అంతకుముందే ముగిసినవి. సంతకములు చేసిన ప్రభుత్వములు పోయినవి గాని, నీటి లెక్కలు వాటి వారసులకు సంక్రమించినవి. నైజాము కాలమున తలపెట్టి 1950 దశాబ్దిలో ముగించిన రాజోలిబండ కాలువ దీనికి సాక్షి. దాని తల నేడు కర్ణాటకములో, తోక నడిగడ్డలో నున్నవి. బచావత్ న్యాయమండలి దానికి 17.1 శతకోటి ఘనపుటడుగులు కేటాయించి, అందు 15.9 ఈ వైపున గద్వాల అలంపురపు పొలములకు, సుమారు 87,500 ఎకరములకు, చెందవలెనన్నది. చాల ఏండ్లు ఆ నీరు పూర్తిగా కొసవరకు రాలేదు. గద్వాలనుండి వనపర్తి నాగరుకర్నూలుల మీదుగా మాచెర్లకు పోవలసిన రైలును ఇంకను కాగితములమీదనే యున్నది.

ఇటీవలి సంవత్సరములలో నడిగడ్డ రైతులకై తుమ్మిళ్లవద్ద ఎత్తిపోతల యంత్రములు పెట్టిరి. అవి నీరు తోడునది సుంకేశుల జలాశయపు వెనుకనీటినుండియే; ఆ నీరిపుడు ఎడమగట్టు ఎక్కి రాజోలిబండ కాలువలో పడుచున్నది.